ల్యాప్‌టాప్ స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్, బ్యాటరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య సందులో ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం నా పని. మా బల్ల మీదకు వచ్చే వాటిలో చాలావాటిది ఒకటే జబ్బు: బ్యాటరీ వయసుకు ముందే ముసలిదవుతుంది. తెచ్చినవాళ్లు అడిగేదీ ఒకటే మాట: "ఎప్పుడూ ఛార్జింగులో పెట్టడం వల్లేనా అన్నా?" ఛార్జింగును ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. మన ఊళ్లో బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఎండ నుంచి వచ్చే వేడి అందరికీ తెలుసు. మూత మూసినా నిద్రపోని యంత్రం బ్యాగులో కూర్చుని పుట్టించే వేడి సంగతి చాలామందికి తెలియదు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

మూత మూస్తే ల్యాప్‌టాప్ ఆగిపోయినట్టేనా?

ఆగిపోయినట్టు కాదు. మీరు సెట్టింగులు మార్చకపోతే, మూత మూయగానే విండోస్ ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళుతుంది. తెర ఆరిపోతుంది, ప్రాసెసర్ పని మానేస్తుంది, ర్యామ్ మాత్రం మేల్కొనే ఉంటుంది. మీరు తెరిచిన ఫైళ్లు, సగం రాసిన కోడ్, బ్రౌజర్‌లోని పేజీలు అన్నీ ఆ ర్యామ్‌లోనే ఉంటాయి. కరెంటు అందకపోతే అందులోదంతా చెరిగిపోతుంది. అందుతున్నా ఊరికే నిలవదు. అందులోని ప్రతి గడినీ సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 15 సార్లకు పైగా, మళ్లీ మళ్లీ నింపుతూ ఉండాలి. అందుకే స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది.

హైబర్నేట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నది డిస్క్ మీద ఒక పెద్ద ఫైలుగా రాసి, ఆ తర్వాత కరెంటు ఆపేస్తుంది. తిరిగి ఆన్ చేసినప్పుడు ఆ ఫైలు ర్యామ్‌లోకి వస్తుంది, మీరు వదిలిన వాక్యం దగ్గరే కర్సర్ మెరుస్తూ కనిపిస్తుంది. షట్‌డౌన్‌లో తెరిచినవన్నీ మూతపడతాయి.

ఈ మెట్లకు 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి కంప్యూటర్ల కరెంటు వాడకం కోసం రూపొందించిన ఏసీపీఐ ప్రమాణంలో పేర్లున్నాయి. స్లీప్ ఎస్3, హైబర్నేట్ ఎస్4, షట్‌డౌన్ ఎస్5. బయోస్‌లో (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో) ఈ పేర్లు కనబడితే కంగారు పడకండి.

మరి ఎప్పుడు ఏది వాడాలి?

టీ తాగి రావడానికి, భోజనానికి, పక్క గదిలో మీటింగుకు స్లీప్ చాలు. బ్యాగులో పెట్టి బయటికి వెళ్తున్నారంటే హైబర్నేట్. రాత్రి పడుకునే ముందు, రేపు అదే పని కొనసాగించాలంటే హైబర్నేట్, లేదంటే షట్‌డౌన్. నేనైతే ఒక్క నియమం చెబుతాను: ల్యాప్‌టాప్ బల్ల దిగితే స్లీప్‌ను నమ్మవద్దు.

మూత మూసి బ్యాగులో పెట్టాను. తీసేసరికి చేయి పెట్టలేనంత వేడి, ఛార్జి సగానికి పైగా ఖాళీ. ఎందుకు?

మొన్న వేసవిలో ఒక అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గం దాకా వెళ్లింది. ఇంట్లో నూరు శాతం ఛార్జి చూసుకుని, మూత మూసి, మెత్తటి గుడ్డ కవరులో పెట్టి, దాన్ని మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. ఆఫీసులో బయటికి తీసేసరికి ఫ్యాను రొద చేస్తోంది, అడుగు పెనంలా కాలుతోంది, ఛార్జి 41 శాతం. ఆ సాయంత్రం మా దగ్గరకు తెచ్చి, "బ్యాటరీ పోయిందా అండీ?" అని అడిగింది. బ్యాటరీ బాగానే ఉంది. ల్యాప్‌టాప్ నిద్రపోలేదు, అంతే.

ఇప్పుడు వస్తున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత ఎస్3 స్లీప్ అసలు లేదు. దాని స్థానంలో మోడర్న్ స్టాండ్‌బై వచ్చింది. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై అన్న పేరుతో మొదలై, విండోస్ 10 నాటికి ఈ పేరు పెట్టుకుంది. ఫోను జేబులో ఉన్నా మెసేజీలు అందుకున్నట్టు, ల్యాప్‌టాప్ కూడా మూత మూసి ఉండగానే అప్పుడప్పుడు లేచి మెయిళ్లు తెచ్చుకోవాలన్నది ఉద్దేశం. ప్రాసెసర్ పూర్తిగా ఆగదు, చాలా తక్కువ కరెంటుతో కునుకు తీస్తూ ఉంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఇబ్బంది లేదు. కానీ ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) మొరాయించినా, ఒక అప్‌డేట్ మధ్యలో ఇరుక్కున్నా, ఏదో ప్రోగ్రామ్ పట్టు వదలకపోయినా ఆ కునుకు పట్టదు. బ్యాగులో గాలి ఆడదు. ఫ్యాను తిరిగినా అదే వేడి గాలిని మళ్లీ పీల్చుకుంటుంది.

మీ యంత్రంలో ఏది ఉందో తెలుసుకోవడం సులువు. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి టైప్ చేసి, ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దాని పక్కనే ఇంగ్లిషు మొదటి అక్షరం 'a' కొట్టండి. స్టాండ్‌బై పక్కన ఎస్0 అని కనబడితే మోడర్న్ స్టాండ్‌బై, ఎస్3 అని ఉంటే పాత పద్ధతి. ఆ 'a' బదులు స్లీప్‌స్టడీ అని కొడితే (దీనికి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి) గడిచిన కొన్ని రోజుల్లో నిద్ర ఎంత నాణ్యంగా పట్టిందో, నిద్ర చెడగొట్టింది ఎవరో ఒక పేజీలో చూపిస్తుంది.

మందు మాత్రం ఒకటే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే ఏమి చేయాలో నిర్ణయించే చోటుంటుంది. అక్కడ బ్యాటరీ మీద ఉన్నప్పుడు హైబర్నేట్ అని పెట్టేయండి. ఆ అమ్మాయికి చేసింది అదే. ఇప్పుడు నూటితో బయలుదేరితే రాయదుర్గంలో తొంభై తొమ్మిదో, నూరో చూపిస్తోంది.

హైబర్నేట్ అన్నదే మెనూలో కనిపించడం లేదు.

దాచిపెట్టారు, తీసేయలేదు. అదే పవర్ ఆప్షన్స్‌లో ఎడమ పక్కన పవర్ బటన్‌కు సంబంధించిన లింకు ఉంటుంది. అది తెరిచి, ఇప్పుడు మార్చడానికి వీల్లేని సెట్టింగులను మార్చాలి అన్న లింకు నొక్కితే కింద కొన్ని గడులు వస్తాయి. హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టి సేవ్ చేయండి. ఆ గడి కూడా లేకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, వాలు గీత, హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టండి.

రోజూ హైబర్నేట్ చేస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోదా?

ఎస్‌ఎస్‌డీ అంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఫైళ్లు దాచే డిస్క్. లెక్క వేసి చూద్దాం. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఒకసారి హైబర్నేట్‌కు 6 జీబీ రాస్తుందనుకుందాం. రోజుకు ఒకసారి చొప్పున ఏడాదికి దాదాపు 2,200 జీబీ, అంటే 2.2 టీబీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలకు తయారీదారులు సాధారణంగా వందల టీబీల దాకా రాతకు హామీ ఇస్తారు. రోజుకు మూడుసార్లు చేసినా ఎస్‌ఎస్‌డీ కంటే ముందు ల్యాప్‌టాపే పాతబడుతుంది. ఈ భయంతో హైబర్నేట్ మానేసి బ్యాటరీని ఉడకబెట్టుకోవడం నష్టపు బేరం.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పాత తంటా అలాగే ఉంటోంది. రీస్టార్ట్ చేస్తే పోతోంది. రెండూ ఒకటి కాదా?

విండోస్‌లో ఒకటి కాదు. ఇది తెలియక చాలామంది సర్వీసుకు డబ్బు పోసుకుంటారు.

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములన్నీ మూసి, మిమ్మల్ని లాగౌట్ చేసి, విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌ను, డ్రైవర్లను మాత్రం హైబర్నేట్ చేస్తుంది. మర్నాడు త్వరగా తెరుచుకునేందుకు ఆ ఏర్పాటు. అయితే నిన్న తిక్కలో ఉన్న డ్రైవర్ ఈరోజూ అదే తిక్కతో లేస్తుంది. వైఫై కనబడకపోవడం, శబ్దం రాకపోవడం, రెండో మానిటర్ గుర్తుపట్టకపోవడం ఇలాంటివే. రీస్టార్ట్ మాత్రం అన్నింటినీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది.

నమ్మకం కలగకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే ఒక పెద్దాయన యంత్రంలో నేను 23 రోజులు చూశాను. ఆయన నమ్మలేదు; పక్కన కూర్చోబెట్టి రీస్టార్ట్ చేసి సున్నా నుంచి మొదలవడం చూపించాల్సి వచ్చింది.

పూర్తి షట్‌డౌన్ కావాలంటే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ నొక్కండి. ఎప్పటికీ వద్దనుకుంటే హైబర్నేట్ గడి ఉన్నచోటే ఫాస్ట్ స్టార్టప్ గడి కూడా ఉంటుంది, టిక్కు తీసేయండి. ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్‌లో దాని వల్ల కలిసొచ్చేది కొద్ది సెకన్లే. ఒకే యంత్రంలో లైనక్స్ కూడా పెట్టుకున్నవాళ్లు తప్పనిసరిగా తీసేయాలి, లేకపోతే విండోస్ డిస్క్‌ను లైనక్స్ నుంచి తెరిచినప్పుడు ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది.

పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయవచ్చా?

తెర పూర్తిగా బిగుసుకుపోయి, మరో దారి లేనప్పుడు మాత్రమే. పది సెకన్లు నొక్కిపడితే ఆగుతుంది. సేవ్ చేయనిది పోతుంది. అప్‌డేట్ నడుస్తున్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

రాత్రి స్లీప్‌లో పెడితే అర్ధరాత్రి తనంతట తానే లేచి వెలుగుతోంది.

పవర్‌సీఎఫ్‌జీకి వాలు గీతతో లాస్ట్‌వేక్ అని జోడించి కొడితే ఎవరు లేపారో చెబుతుంది. ఎక్కువగా దొరికే దొంగలు వైర్‌లెస్ మౌస్, నెట్‌వర్క్ కార్డు, అప్‌డేట్ కోసం పెట్టిన అలారం. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసేయండి.

ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచితే బ్యాటరీ పాడవుతుందా?

నూరు శాతం నిండాక ఛార్జర్ ఇంకా ఎక్కిస్తూ పోదు. లోపలి సర్క్యూటు ఆపేస్తుంది, ల్యాప్‌టాప్ నేరుగా అడాప్టర్ మీద నడుస్తుంది. కాబట్టి ఎక్కువై పేలుతుందన్న భయం అక్కర్లేదు.

అయినా నష్టం ఉంది, అది వేరే రకం. లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు దాదాపు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడిలో లోపలి రసాయనాలు నెమ్మదిగా ఒకదాన్నొకటి తింటూ ఉంటాయి. వేడి తోడైతే ఆ తినడం వేగం పుంజుకుంటుంది. రసాయన శాస్త్రంలో స్థూలంగా చెప్పే లెక్క ప్రకారం పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం రెట్టింపవుతుంది. నిండు బ్యాటరీ ఒక్కటే కొంత చేటు, వేడి ఒక్కటే కొంత చేటు. మే నెలలో ఏసీ లేని గదిలో, నూరు శాతం ఛార్జితో, రోజుకు పది గంటలు వాడే ల్యాప్‌టాప్‌కు రెండూ కలిసి మీద పడతాయి.

అందుకే రోజంతా బల్ల మీద ఛార్జింగులో వాడేవాళ్లు ఛార్జిని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు పెట్టుకోవాలని నేను పట్టుబట్టి చెబుతాను. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్, అసుస్‌లో బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్ అన్న పేర్లతో వాళ్ల సొంత యాప్‌లో ఉంటుంది. డెల్, హెచ్‌పీ యంత్రాల్లో చాలావాటికి బయోస్‌లోనూ ఉంటుంది. ఊరికి బయలుదేరే ముందు రోజు రాత్రి నూటికి పెంచుకోండి, తిరిగొచ్చాక మళ్లీ 80కి దించండి.

కొత్త ల్యాప్‌టాప్‌ను మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలట. నెలకోసారి సున్నాకు దించాలట. నిజమేనా?

రెండూ పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాటలు. వాటికి జ్ఞాపక దోషం ఉండేది. సగం వాడి నింపుతూ పోతే ఆ సగమే తమ సామర్థ్యమన్నట్టు తయారయ్యేవి. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్‌కు ఆ బెడద లేదు. పైగా మాటిమాటికీ సున్నాకు దించడం దానికి శిక్ష. 20, 80 శాతాల మధ్య తిరుగుతూ ఉంటే దాని ప్రాణం హాయిగా ఉంటుంది.

ఒక్క మినహాయింపు: శాతం చూపించే లెక్క తప్పుతోందనిపిస్తే, అప్పుడు ఒకసారి నిండా నింపి, బాగా దించి, మళ్లీ నింపితే కొలత సర్దుకుంటుంది. దీనివల్ల బ్యాటరీకి బలం రాదు, దాని మీటరు మాత్రమే సరిపడుతుంది.

హైదరాబాద్ ఎండల్లో ప్రత్యేకంగా ఏ జాగ్రత్త తీసుకోవాలి?

మార్చి చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా మన దగ్గర పగటి ఎండ 40 డిగ్రీలు తాకడం, దాటడం మామూలే. తన ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీలకు లోపు వాతావరణంలో వాడమని యాపిల్ చెబుతుంది. అంటే మన వేసవి మధ్యాహ్నం ఆ గీత దాటే ఉంటుంది.

అన్నింటికంటే చెడ్డది ఆపి ఉంచిన కారు. బయట నలభై ఉంటే తలుపులు మూసిన కారులో ఇంకా ఎంతో ఎక్కువ ఉంటుంది. భోజనానికి దిగినంతసేపట్లో బ్యాటరీకి జరిగే నష్టం తిరిగి పూడదు. ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నా సరే, వేడి వేడే. స్కూటీ ముందు భాగంలో బ్యాగు పెట్టుకుని సిగ్నళ్ల దగ్గర ఎండలో నిలబడేవాళ్లు దాన్ని వీపుకు తగిలించుకోవడం కొంత నయం. ఎండలోంచి లోపలికి రాగానే ఛార్జింగు పెట్టేయకండి. అరగంట ఫ్యాను కింద చల్లారనివ్వండి.

ఇంట్లో చేసే పెద్ద పొరపాటు పరుపు. హాస్టల్ గదిలో మంచం మీద బోర్లా పడుకుని, దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రి సినిమా చూస్తారు. అడుగున ఉన్న గాలి రంధ్రాలు దుప్పటిలో కూరుకుపోతాయి. నేను విప్పిన వాటిలో ఫ్యాను వెనక రేకుల మధ్య దూది, దుమ్ము కలిసి చాప ముక్కలా గట్టిపడినవి ఉన్నాయి. దాన్ని పట్టకారతో పట్టి లాగితే ఒక్క పొరగా ఊడి వస్తుంది. కింద ఒక అట్టో, పీటో పెట్టండి. ఏడాదికోసారి దుమ్ము తీయించండి. కొత్త ఇళ్ల నిర్మాణం జరిగే చోట ఉంటే ఆరు నెలలకోసారి.

నా బ్యాటరీ ఆరోగ్యం ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, వాలు గీత, బ్యాటరీరిపోర్ట్. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో కూడా అక్కడే చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ అన్నది పుట్టినప్పటి బలం, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అన్నది నేటి బలం. డిజైన్ 50,000, ఇప్పుడు 38,000 అని ఉంటే 76 శాతం మిగిలినట్టు. సైకిల్ కౌంట్ కూడా ఉంటే చూడండి. ఒక సైకిల్ అంటే ప్లగ్గు పెట్టిన లెక్క కాదు. ఈరోజు సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒకటి.

రెండేళ్లకు ఎనభై దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. అరవైకి దిగితే మార్చే ఆలోచన చేయండి.

30 శాతం చూపిస్తూనే హఠాత్తుగా ఆరిపోతోంది.

పాతబడిన సెల్ భారం పడగానే వోల్టేజీ నిలబెట్టుకోలేకపోతోంది, లేదా మీటరు లెక్క తప్పింది. పైన చెప్పినట్టు ఒకసారి నింపి దించి చూడండి. అప్పటికీ అంతే అయితే బ్యాటరీ కాలం తీరింది.

టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం లేదు. ల్యాప్‌టాప్ బల్ల మీద ఊగుతోంది.

వెంటనే ఆపేయండి. ఛార్జర్ తీసేయండి. ఇది చదవడం తర్వాత.

బ్యాటరీ ఉబ్బింది. లోపలి ద్రవం చెడి వాయువుగా మారి, వెండి రంగు సంచిని అప్పడంలా పొంగిస్తుంది. టచ్‌ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది కాబట్టి మొదట అదే గట్టిపడుతుంది. తర్వాత అడుగు మూత అంచు విచ్చుకుంటుంది. దాన్ని అదిమి స్క్రూలు బిగించేవాళ్లను చూశాను, సూదితో గాలి తీద్దామన్నవాళ్లనూ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. సంచికి చిల్లు పడితే మంట లేస్తుంది, ఆ పొగ విషం. గచ్చు మీద, పరదాలకు, కాగితాలకు దూరంగా ఉంచి, తెలిసినవాళ్లతో విప్పించండి.

తీసిన బ్యాటరీని ఉదయం వచ్చే చెత్త ఆటోలో వేయకండి. చెత్తను అదిమేటప్పుడు అది నలిగి అంటుకుంటే ప్రమాదం ఆ కార్మికులకే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులది. సర్వీసు సెంటర్‌లోనో, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలోనో ఇవ్వండి.

కొత్త బ్యాటరీ ఎక్కడ కొనాలి? సగం ధరకు దొరికేవి తీసుకోవచ్చా?

ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌లో ధర అడగండి. చాలామంది ఎక్కువ ఉంటుందని ఊహించుకుని అడగరు. దొరకని పాత మోడల్ అయితే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకవచ్చు. మోడల్ పేరు చెప్పి కొనకండి. పాత బ్యాటరీ విప్పి దాని మీది పార్ట్ నంబరు, వోల్టేజీ ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. కొత్తది వేయించుకున్నాక అక్కడే రిపోర్టు తీయించండి. సైకిల్ కౌంట్ వందల్లో కనిపిస్తే అది పాతదానికి కొత్త స్టిక్కరు. బిల్లు, రాతపూర్వక వారంటీ లేకుండా డబ్బు ఇవ్వవద్దు. సగం ధర బ్యాటరీల్లో రక్షణ సర్క్యూటు నాసిగా ఉండవచ్చు, ఆ ఒక్కదాంట్లో పొదుపు చేయడం నాకు ఇష్టం లేదు.

ఫోన్ ఛార్జర్‌తో ల్యాప్‌టాప్ ఛార్జ్ చేయవచ్చా?

ల్యాప్‌టాప్‌లో టైప్-సి ద్వారా ఛార్జింగు తీసుకునే సౌకర్యం ఉంటే, ఛార్జర్‌కు పవర్ డెలివరీ ప్రమాణం ఉంటే చేయవచ్చు. రెండూ మాట్లాడుకుని వోల్టేజీ ఖాయం చేసుకుంటాయి. 65 వాట్లు కోరే యంత్రానికి 30 వాట్లు ఇస్తే నెమ్మదిగా ఎక్కుతుంది, బరువైన పనిలో ఎక్కకపోగా దిగుతుంది కూడా. గుండ్రటి పిన్ను ఉన్న అడాప్టర్ విషయంలో మాత్రం దూరిందని పెట్టేయకండి. వోల్టేజీ సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

లోహపు ల్యాప్‌టాప్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది.

ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు, లేదా రెండు పిన్నుల ప్లగ్గుతో వాడుతున్నారు. అడాప్టర్‌లోంచి అతి స్వల్పంగా వచ్చే కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేక మీ చేతిని వెతుక్కుంటోంది. మూడు పిన్నుల తీగ వాడండి. అప్పటికీ ఆగకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. అది ల్యాప్‌టాప్ కోసం కాదు, ఇంట్లో గీజరు వాడే మనుషుల కోసం.

కరెంటు మాటిమాటికీ పోతుంటే ల్యాప్‌టాప్‌కు హానా?

అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, మధ్యలో బ్యాటరీ కాపు కాస్తుంది. వేసవి చివర ఉరుములు, మెరుపులతో వచ్చే గాలివానల్లో మాత్రం ప్లగ్గు పీకేయండి. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు నిజమైన చిక్కు వైఫై రూటర్‌తో వస్తుంది, దానికి సొంత బ్యాటరీ లేదు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి దానికి పెట్టుకుంటే చాలు.

రాత్రంతా స్లీప్‌లో ఉంచితే కరెంటు బిల్లు పెరుగుతుందా?

గంటకు ఒక వాట్ అవర్ చొప్పున రోజుకు పది గంటలు వేసుకుంటే నెలకు 300 వాట్ అవర్లు. యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు.

ప్రయాణంలో ఛార్జి ఎక్కువసేపు రావాలంటే?

తెర వెలుగు తగ్గించండి. మిగతా చిట్కాలన్నీ దాని తర్వాతే. 120 హెర్ట్జ్ తెర అయితే 60కి దించండి. బ్యాటరీ సేవర్ పెట్టండి. వీడియో కాల్‌లో కెమెరా అవసరం లేకపోతే ఆపండి. యాప్‌లను నొక్కి నొక్కి మూసేయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. టాస్క్ మేనేజర్‌లో నిజంగా ప్రాసెసర్‌ను తినేస్తున్నది ఏదో చూసి దాన్నొక్కదాన్నీ మూయండి.

మాక్, లైనక్స్ వాడేవాళ్లకు?

మాక్‌లో స్లీప్ నమ్మదగినది. మూత మూసి బ్యాగులో పెట్టుకోవచ్చు. బ్యాటరీ సెట్టింగుల్లో ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి. లైనక్స్‌లో హైబర్నేట్ చేయాలంటే స్వాప్ స్థలం (ర్యామ్‌లోది రాసుకోవడానికి డిస్క్ మీద కేటాయించే చోటు) కనీసం ర్యామ్ అంత ఉంచుకోవడం మంచిది. బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆన్‌లో ఉంటే చాలా లైనక్స్ రకాల్లో హైబర్నేట్ పనిచేయదు. ముందే సరిచూసుకుని, ఒకటి రెండుసార్లు ఇంట్లో పరీక్షించాకే బ్యాగులో పెట్టండి.

సెలవులకు ఊరెళ్తున్నాం. రెండు నెలలు ల్యాప్‌టాప్ ముట్టుకోం.

సగం ఛార్జి ఉంచి, షిఫ్ట్ పట్టుకుని పూర్తి షట్‌డౌన్ చేసి, ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే చోట పెట్టండి. పై అంతస్తు గదిలో, స్లాబు కింద అటక మీద వద్దు. ఇంట్లో ఎక్కువ కాలేది అదే. నిండా ఛార్జి చేసి పెట్టడం తప్పు, సున్నాతో వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. సున్నా కిందికి జారిన బ్యాటరీని మళ్లీ ఛార్జర్ గుర్తుపట్టకపోవచ్చు.

శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు ల్యాప్‌టాప్ ఏ సంచిలో పెట్టాలి?

చేతి సంచిలో. 100 వాట్ అవర్ల లోపు బ్యాటరీకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లన్నీ దాని లోపే ఉంటాయి. మీదానిది తెలియకపోతే వోల్టులను మిల్లీ ఆంపియర్ అవర్లతో గుణించి వెయ్యితో భాగించండి: 11.4 వోల్టులు, 4,000 ఉంటే 45.6 వాట్ అవర్లు. పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో అసలు వేయకూడదు. తప్పనిసరై ల్యాప్‌టాప్‌ను లగేజీలో వేయాల్సి వస్తే నిబంధన స్పష్టంగా ఉంది: స్లీప్ పనికిరాదు, హైబర్నేట్ కూడా పనికిరాదు, పూర్తిగా ఆపేసి ఉండాలి. మూత మూసి లోపల పెట్టే ముందు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కి, ఫ్యాను చప్పుడు, దీపాలు ఆగేదాకా ఒక నిమిషం చేతిలోనే ఉంచుకోండి.